నేరం మత్తు సూదిది కాదు

మా వాడలో ఎవరినడిగినా చెప్తారు, నా బిడ్డను దవాఖాన మత్తు సూదులు పాడు చేశాయని. పాల దుకాణం దగ్గర చెప్తారు, నల్లా దగ్గర చెప్తారు. పెళ్లికి పోతే పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమ్మ నా బిడ్డ గుప్పిట విప్పి చూసి, "అయ్యో, మత్తిచ్చి మత్తిచ్చి పొల్లను గిట్ల జేసిన్రు" అని నాకే చెప్తుంది. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మా ఇంటి గడపలోనే పుట్టింది. పుట్టించింది మా అత్త. ఇన్నాళ్లూ పోనీలే అని నోరు మూసుకున్నాను. మొన్న బతుకమ్మ పండుగప్పుడు జరిగింది చూశాక ఇక మూసుకోబుద్ధి కాలేదు.

నా పేరు లావణ్య. పుట్టింది ఖానాపూర్ దగ్గరి పల్లెలో, మెట్టింది నస్పూర్‌లో. బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో ఉంటాం. మా ఆయన పేరు తిరుపతి, బాయిలో దిగి పనిచేస్తాడు. నా బిడ్డ మనస్వికి రెండేళ్లు నిండబోతున్నాయి. ఈ వయసు పిల్లలు ఇల్లంతా పరుగులు పెట్టి గిన్నెలు పారేస్తారు. నా బిడ్డను దిండ్ల మధ్య కూర్చోబెడితే కూర్చుంటుంది. నన్ను చూసి నవ్వుతుంది, పాట వింటే తల ఊపుతుంది, ఎడమ చేయి మాత్రం విప్పదు. నడుస్తుందా అని అడిగితే డాక్టర్లు "చూద్దాం" అంటారు. నేను ఆ ఒక్క మాట పట్టుకొని బతుకుతున్నాను.

హోళీ

ఒళ్లు నొప్పులతో మొదలైంది. ఏడో నెల కదా, అలాగే ఉంటుందనుకున్నాను. మర్నాడు నీళ్లు పోసుకుంటుంటే పొట్ట మీద నీటి బొట్టు లాంటి పొక్కు కనబడింది. తుడిస్తే పోలేదు. సాయంత్రానికి మెడ మీద, వీపు మీద, నెత్తిలో కూడా లేచాయి. శివరాత్రికి ఎదురు క్వార్టర్ పిల్లగాడు నా ఒళ్లో కూర్చుని ఆడుకున్నాడు, ఆ వెంటనే వాడికి ఆటలమ్మ పోసింది. నాకు చిన్నప్పుడు పోయలేదు. ఆ సంగతి నన్ను కన్న మా అవ్వకు తప్ప ఎవరికీ తెలియదు, మా అవ్వ ఖానాపూర్‌లో ఉంది.

మా అత్త ఆ పొక్కులు చూసి చేతులు జోడించింది. నాకు కాదు. "తల్లి వచ్చింది. మనింటికి తల్లి వచ్చింది" అన్నది.

మా దిక్కు ఆటలమ్మను రోగమనరు. తల్లి పోసింది అంటారు. తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్లు గడపకు వేపకొమ్మలు కడతారు. పొయ్యి మీద తాలింపు చిటపటమనకూడదు, చీపురు పట్టకూడదు, మగవాళ్లు గడ్డం గీసుకోకూడదు, పోసిన మనిషి తల దువ్వకూడదు. బయటి మనుషులు లోపలికి రాకూడదు. అన్నిటికన్నా పెద్ద కట్టడి, దవాఖానకు పోకూడదు. సూది వేస్తే తల్లికి కోపం వచ్చి పొక్కులు లోపలికి పోతాయట.

"అవ్వా, కడుపుతోని ఉన్నది గదా. ఒక్కసారి డాక్టరమ్మకు సూపిచ్చుకొస్త" అన్నాడు మా ఆయన, డ్యూటీ నుంచి వచ్చి, ముఖం మీద బొగ్గు కూడా కడుక్కోకుండా.

"సూపియ్యి బిడ్డా, సూపియ్యి. సూదేపియ్యి. తల్లి లోపటికి పోతది, నీ పెండ్లాం పోతది, కడుపుల పిల్ల పోతది. గప్పుడు సల్లగ బాయికి పో" అన్నది అత్త.

మా ఆయన తలకాయ వంచుకొని బయట గద్దె మీద కూర్చున్నాడు. భూమి కిందికి దిగి, నెత్తి మీద కప్పు ఎప్పుడు కూలుతుందో తెలియని చోట పనిచేసే మనిషి. అవ్వ ముందు మాత్రం నోరు పెగలదు.

ఇంకో ముచ్చట చెప్తే నవ్వుతారు. దవాఖాన మా క్వార్టర్ల వెనకే ఉంది. కార్మికుల ఇళ్లవాళ్లకు అక్కడ రూపాయి ఖర్చు లేదు. నేను పడుకున్న గదిలోని కిటికీ తెరిస్తే దాని గోడ మీది ఎర్ర గుర్తు కనబడుతుంది. వేపాకు పరిచిన చాప మీద పడుకొని ఆ గుర్తునే చూస్తుండేదాన్ని.

అత్త నన్ను చంపాలని చేయలేదు. అది కూడా రాయాలి, లేకపోతే నా మాటకు విలువ ఉండదు. పగలంతా నా పక్కన కూర్చొని వేపరెమ్మతో విసిరింది. పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టింది. దురద పెడితే రెమ్మతో మెల్లగా రాసింది. "జర ఓర్సుకో బిడ్డా, మూడోసారి యాపాకు నీళ్లు పోసేటాళ్లకు తల్లి సల్లబడ్తది" అన్నది. నాకు తెలిసి ఆమె నా మీద అంత ప్రేమ చూపింది అప్పుడే. అంత ప్రేమగానే మమ్మల్నిద్దరినీ కాటికి దగ్గర చేసింది.

తర్వాత దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు. పొక్కులు ఎండడం మొదలయ్యాయని అత్త సంతోషపడుతుంటే నాకు చాప మీంచి లేచి నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. పడుకుంటే ఊపిరి ఆడదు, కూర్చుంటే తల తిరుగుతుంది. "అత్తమ్మా, దమ్ము వస్తలేదు" అన్నాను. "తల్లి ఆడుతున్నది. ఫికర్ జెయ్యకు" అన్నది. కడుపులో బిడ్డ మొదట్లో బాగానే తన్నింది. తర్వాత తన్నడం తగ్గింది. నేను పొట్ట మీద చేయి పెట్టి కూర్చొని, "తన్నే, ఒక్కసారి తన్నే" అని బతిమాలుకున్నాను.

మా అవ్వకు ఎవరు చెప్పారో తెలియదు, బాపును వెంటబెట్టుకొని వచ్చింది. అత్త గేటు దగ్గరే ఆపింది.

"అక్కా, తల్లి ఉన్న ఇల్లు. బయటి మనుషులు రావద్దు. నీకు తెల్వనిదా?"

మా అవ్వకు తెలియకపోవడమేమిటి, ఆమె కూడా పోచమ్మకు మొక్కే మనిషే. గేటు బయట నిలబడి చెంగు నోటికడ్డం పెట్టుకున్నది. "బిడ్డా, ఎట్లున్నవే?" అని అక్కడి నుంచే కేకేసింది. నేను జవాబు చెప్పాలనుకున్నాను. ఊపిరి లోపలికి పోతుంటే గురగురమన్నది, మాట రాలేదు. ఆ చప్పుడు గేటు దాకా వినబడిందట. అవ్వ వేపకొమ్మను చేత్తో నెట్టి చెప్పులతోనే లోపలికి వచ్చేసింది.

"అగో, మైలైతది! తల్లికి కోపమొస్తది!" అని అత్త మొత్తుకున్నది.

"వస్తే నా మీద రానీ. నన్నే కొట్టుకపోనీ. ఏమయ్యా, సూస్తున్నవేంది, లేపు పొల్లను" అని అవ్వ మా బాపును గదిమింది. బాపు ఒక భుజం, మా ఆయన ఒక భుజం పట్టుకున్నారు. ఇంటి వెనక దవాఖానకు అప్పుడు పోయాను.

అక్కడి డాక్టరు నా వేలికి ఒక క్లిప్పు పెట్టి అందులోని అంకె చూశాడు. ముఖం మారిపోయింది. మమ్మల్ని తిట్టలేదు, కనీసం ఇన్ని రోజులు ఏం చేశారని అడగలేదు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టించి వెంటనే కరీంనగర్ పంపించాడు. పొక్కులు లోపలికి పోయాయి, నిజమే. ఊపిరితిత్తుల్లోకి పోయాయి. ఒక్క సూది కూడా వేయకుండానే పోయాయి.

కరీంనగర్‌లో

ఆ దవాఖానలో నాకు ఎరుకతో గుర్తున్నది ఒక డాక్టరమ్మ ముఖమే. మాస్కు మీద కళ్లు మాత్రం కనబడుతున్నాయి. "అమ్మా, నీకు ఊపిరి సాలుతలేదు. గొంతులకెళ్లి పైపు ఏస్తం. నొప్పి తెల్వకుండ మత్తిస్తం, నిద్రపోతవ్" అన్నది.

"బిడ్డ గూడ నిద్రపోతదా మేడమ్?" అన్నాను.

ఆమె నా నుదుటి మీద చేయి పెట్టి, "పోతది. నీతోపాటే పోతది. మేం సూస్కుంటుంటం" అన్నది. అబద్ధం చెప్పి ఊరుకోబెట్టలేదు ఆమె. అందుకు ఈ రోజుకీ దండం పెడతాను.

తర్వాత మత్తు. దాన్ని నిద్ర అంటారు గానీ నిద్ర కాదది. నేను బాయిలోకి దిగుతున్నాను. మా ఆయన చెప్పగా విన్నదే తప్ప నేనెప్పుడూ చూడని బాయి. చుట్టూ చీకటి, ఎక్కడో బెల్టు మీద బొగ్గు పోతున్న చప్పుడు ఆగకుండా వస్తుంది. ఎవరో నా చేతులు కట్టేశారు. బిడ్డను పైన మరిచిపోయి వచ్చానని గుర్తుకొస్తుంది, ఎక్కబోతే మెట్లు ఉండవు. ఆ చప్పుడు నాకు ఊపిరి పోస్తున్న మిషనుదని తర్వాత చెప్పారు.

పైన ఏం జరిగిందో అవ్వ చెప్పగా విన్నాను. ఐసీయూ బయటి హాల్లో చాపలు పరుచుకొని మావాళ్లు ఆ గోడకూ ఈ గోడకూ కూర్చున్నారట. అత్త ఒక గోడకు, మా అవ్వ ఒక గోడకు. మధ్యలో మా ఆయన. టీ తెస్తే ఇద్దరికీ తెచ్చేవాడు, మాట మాత్రం ఎవరితోనూ లేదు. స్పీకర్లో నా పేరు పిలిస్తే ముగ్గురూ ఒకేసారి లేచేవారట.

డాక్టరమ్మ రోజూ వచ్చి బిడ్డ గుండె చప్పుడు చూసేది. ఒకనాడు మావాళ్లను పిలిచి విడమరిచి చెప్పింది. "తల్లికిచ్చే మత్తు పిల్లకు గూడ పోతది. అందుకే కదుల్తలేదు, గుండె కొట్టుకునుడు గూడ ఎచ్చుతక్కువ లేకుండ ఒక్కతీరుగ ఉన్నది. మత్తుల ఉంటే అట్లనే ఉంటది. గని గాలి అందక నీరసపడ్డా అట్లనే ఉంటది. రెండిట్ల ఏదో బయట నుంచి చెప్పుడు కష్టం."

ఈ మాట నేను చాలాసార్లు తలుచుకుంటాను. లోపల నా బిడ్డ నిద్రపోతున్నదో, పోతున్నదో ఎవరికీ తెలియదు. తట్టి లేపడానికి లేదు. లేపాల్సిన నేనే లేను.

రెండు రోజులకు నా ఊపిరి ఇంకా పడిపోయింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తే ఇద్దరికీ కొంత ఆశ ఉంటుందన్నారు. మా అత్త మళ్లీ అడ్డం పడింది. "నెలలు నిండని పిల్లను తీస్తే బత్కుతదా? తల్లి సల్లబడేదాంక ఆగుదాం" అన్నదట.

"నువ్వు ఆగుమన్నన్ని రోజులు ఆగిన. ఇగ ఆగ" అన్నాడట మా ఆయన. ఆయన నోరు తెరిచింది అప్పుడు. ఎన్ని తిట్టుకున్నా ఆ ఒక్క మాటకు ఆయనతో కాపురం చేస్తున్నాను.

ఉగాదికి ముందు

మెలకువ వచ్చేసరికి చేతులు నిజంగానే మంచానికి కట్టి ఉన్నాయి, గొంతులో పైపు పీక్కుంటానని. ఒక చేయి కొంచెం సాగదీస్తే పొట్టకు తగిలింది. పొట్ట లేదు. మెత్తగా, గుడ్డ చుట్టిన కట్టు మాత్రం ఉంది. అరవబోతే పైపు. ఆ నిమిషం ఎలా ఉంటుందో పగవాళ్లకు కూడా తెలియవద్దు.

పక్కన సిస్టర్ మందు ఎక్కిస్తున్నది. కట్టేసిన చేతులతోనే ఉయ్యాల ఊపినట్టు ఊపాను. ఆమె చప్పున అర్థం చేసుకున్నది. "ఉన్నదక్కా! ఆడపిల్ల. కింద చిన్నపిల్లల ఐసీయూల ఉన్నది" అన్నది. నేను నమ్మలేదు. చచ్చిపోయిన పిల్లను కూడా బతికి ఉందనే చెప్తారు తల్లి కోలుకునేదాకా, మా ఊళ్లో అలా చెప్పడం చూశాను. తల అడ్డంగా ఊపుతుంటే ఆమె కిందికి పోయి తన ఫోన్లో వీడియో తీసుకొచ్చింది. గాజు పెట్టెలో, ముక్కుకు గొట్టంతో, పిడికెడు పిల్ల. ఛాతీ లేచి దిగుతున్నది. సిస్టర్ డ్యూటీ మారేదాకా ఆ వీడియో ఎన్నిసార్లు చూపించిందో. విసుక్కోలేదు.

పుట్టినప్పుడు ఏడవలేదని తర్వాత చెప్పారు. నా మత్తు దానికీ ఉంది, ఊపిరి తీసుకోవడం కూడా గుర్తులేనంతగా పడుకుందట. డాక్టర్లు గొట్టం వేసి ఊపిరి అందించారు. మత్తు దిగాక ఏడ్చింది. అద్దం అవతల నిలబడ్డ అవ్వకు ఏడుపు వినబడలేదు గానీ నోరు తెరవడం కనబడిందట. "నోరు తెరిసిందే లావణ్యా, గింత నోరు. సూసి నేను గక్కన్నే కూలబడ్డ" అని చెప్పింది.

నా పొక్కులు పూర్తిగా ఎండేదాకా బిడ్డ దగ్గరికి పోనీయలేదు. పిల్లల ఐసీయూ బయట హాల్లో కూర్చునేదాన్ని. ఉగాది పచ్చడి ఎవరో గ్లాసులో తెచ్చిచ్చారు. అందులోని వేపపువ్వు వాసనకే వాంతి వచ్చింది. అక్కడ అందరూ తల్లులే. పాలు పిండి స్టీలు గిన్నెల్లో లోపలికి పంపేవాళ్లు. నాకు పాలు రాలేదు. నా ముఖం మీది మచ్చలు చూసి కొందరు పక్కకు జరిగి కూర్చునేవారు.

సుమన్‌బాయి మాత్రం జరగలేదు. ఆదిలాబాద్ అవతల మహారాష్ట్ర సరిహద్దు పల్లె ఆమెది, సగం తెలుగు, సగం మరాఠీ. కవల పిల్లల్లో ఒకణ్ణి పోగొట్టుకొని రెండోవాడి కోసం కూర్చున్నది. తల్లి పోసిన నాటి నుంచి దువ్వెన తగలక నా జుట్టు జడలు కట్టి ఉంది. ఆమె ఒకరోజు నా వెనక చేరి సంచిలోంచి దువ్వెన తీసింది.

"వద్దక్కా, పొక్కులున్నయి. అంటుకుంటది."

"కాయ్ నై, ఏం గాదు. నాకు చిన్నప్పుడే వొచ్చింది, డాక్టర్ని అడిగినా నేను" అని నూనె రాసి, చిక్కులు ఒక్కొక్కటి వేలితో విప్పుతూ కూర్చున్నది. నొప్పి పెట్టకుండా కుదుళ్లు పట్టుకొని దువ్వింది. "ఇట్ల ఉంటే పోరి లోపల్నుంచి వొచ్చి భయపడ్తది కదా" అని నవ్వింది. నేను దవాఖానకు వచ్చాక మొదటిసారి ఏడ్చాను. జడ అల్లేదాకా ఏమీ అనకుండా ఏడవనిచ్చింది. ఆమె రెండోవాడు బతికాడు.

బోనాలు

ఎండాకాలం నడుమ బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాం. చూడడానికి వచ్చినవాళ్లందరికీ అత్త ఒకే కథ చెప్పింది. తల్లి కోపగిస్తే తానెలా మొక్కుకున్నదీ, తల్లి ఎలా కరుణించి ఇద్దరినీ ఒడ్డున పడేసిందీ. అందులో డాక్టర్లు లేరు, మా అవ్వ లేదు. గేటు దగ్గర మా అవ్వను ఆపిన ముచ్చట అసలే లేదు. బిడ్డకు పోచమ్మ పేరే పెట్టాలన్నది. "నా ప్రాణం పోయినా పెట్టను" అన్నాను. వర్షాకాలం బోనమెత్తే రోజు వచ్చింది. మొక్కు నాది కాదు, ఎత్తనన్నాను. తానే ఎత్తుకొని పోయింది.

నాకు పోచమ్మ మీద కోపం లేదు. ఆ తల్లి వచ్చి దవాఖానకు పోవద్దని నా చెవిలో చెప్పలేదు. చెప్పింది మనిషి.

బిడ్డకు నెలలు గడుస్తున్నా మెడ నిలబడలేదు. ఎడమ గుప్పిట గట్టిగా మూసుకొని ఉండేది, కాళ్లు కత్తెరలా బిగదీసేది. అప్పటి దాకా తల్లి దయ అన్న అత్త మాట మార్చింది. దయ చూపిన తల్లి పిల్లను ఇలా ఎందుకిచ్చిందని ఎవరైనా అడుగుతారు కదా. దానికి జవాబు కావాలి. "దవఖానోళ్లు మత్తు సూదులు పొడిసి పొడిసి పొల్లను ఖరాబు జేసిన్రు" అన్నది. నేరం మోపడానికి సూదికన్నా మంచిదేముంది? దానికి నోరు లేదు.

కరీంనగర్‌లో పిల్లల డాక్టరమ్మకు చూపించడానికి పోతే అత్త కూడా వెంట వచ్చింది. నేను కావాలనే అత్త ముందే అడిగాను.

"మేడమ్, మత్తు సూదులతోనే గిట్లయిందా?"

ఆమె బిడ్డ కాలు మెల్లగా మడుస్తూ చాపుతూ చెప్పింది. "మత్తు పుట్టిన కొన్ని రోజులకే దిగిపోయిందమ్మా. అప్పుడు ఏడ్వకపోవడానికి అదో కారణం. ఇప్పటి ఈ బిగుతుకు అది కారణమని నేననుకోను. నీకు ఊపిరి అందని రోజుల్లో కడుపుల బిడ్డకు గాలి తక్కువైంది. పైగా నెలలు నిండలేదు. దేనివల్ల ఎంత అయిందని తూకమేసి ఎవ్వరం చెప్పలేం. కానీ పొక్కు కనబడ్డ రోజే వచ్చి ఉంటే, మందులున్నయి. ఊపిరితిత్తుల దాకా పోకుండ ఆపే అవకాశం ఉండేది."

అత్త గోడ మీది పిల్లల బొమ్మలు చూస్తూ కూర్చున్నది. చెవిన పడనట్టే ఉన్నది. బయటికి వచ్చాక, "గా డాక్టరమ్మ దవఖానోళ్లనే ఎనకేసుకొస్తది. అందరు ఒక్కటే" అన్నది. వాడంతా అదే చెప్పింది. నాకు ఎదుటివాళ్లతో వాదించే ఓపిక లేదు. వారం వారం బిడ్డను కసరత్తుకు మంచిర్యాల తీసుకుపోవడం, ఇంట్లో నూనె రాసి కాళ్లు చాపడం, అదే నా పని అయింది.

మళ్లీ ఏడు బతుకమ్మ

మా ఆడబిడ్డ మమత పండుగకు వచ్చింది. ఐదో నెల కడుపుతో ఉంది. మంచి పిల్ల, నా బిడ్డను ఎత్తుకొని బతుకమ్మ చుట్టూ తిప్పింది. వాడలో మళ్లీ అక్కడక్కడ పిల్లలకు పోస్తున్నదని అప్పటికే అనుకుంటున్నారు.

పెద్ద బతుకమ్మ ఇంకా రెండు రోజులుందనగా, పొద్దున్నే మమత జడ వేసుకుంటూ, "అవ్వా, మెడ మీద ఏందో పొక్కు లెక్క ఉన్నది సూడు" అన్నది.

అత్త పొయ్యి దగ్గర సత్తుపిండి కోసం నువ్వులు వేయిస్తున్నది. గరిట పారేసి వచ్చింది. చూసింది. చేతులు జోడించలేదు. తల్లి వచ్చిందనలేదు.

"తిరుపతీ! లేవురా! కారు పిలువు. జల్ది!"

"ఏమైందే?" అని మా ఆయన పక్కలోంచి లేచాడు.

"అడుగుడు తర్వాత. ముందుగాల కారు పిలువు. కరీంనగర్‌కే పోదాం, లావణ్యను సూసిన డాక్టరమ్మ తానికే పోదాం."

పొయ్యి మీద నువ్వులు మాడి ఇల్లంతా వాసన. నేను బిడ్డను చంకనెత్తుకొని గడపలో నిలబడ్డాను. గడపకు ఒక్క వేపాకు లేదు. కడుపులో ఉన్నదంతా నాలుక మీదికి వచ్చింది.

"అత్తమ్మా, యాపకొమ్మలు తెంపుకరావాల్నా?"

ఆమె నా వైపు చూడలేదు. మమత బట్టలు సంచిలో కుక్కుతున్నది. మమతే బెదిరిపోయి, "అవ్వా, సూదేస్తే తల్లి లోపటికి పోతదంటవు గదా? కడుపుల పిల్లకేమన్న అయితదేమో. జర ఆగుదాం" అన్నది.

అత్త కూతురి రెండు భుజాలూ పట్టుకొని ఊపేసింది.

"ఆగద్దు! ఆగితే ఊపిరితిత్తులకు పోతది. నీకు దమ్ము అందకపోతే లోపల పిల్లకు గాలి తక్కువైతది. పొక్కు కనవడ్డ దినమే పోతే మందులున్నయే. నెలలు నిండకుండ తీసే గతి పడద్దు నీకు. నడువు!"

డాక్టరమ్మ చెప్పిన ముక్కలన్నీ వరుస తప్పకుండా ఆమె నోట్లోంచి వచ్చాయి. గోడ మీది బొమ్మలు చూస్తూ కూర్చున్న మనిషి ఒక్క ముక్క వదలకుండా విన్నది. విని, నమ్మి, లోపల దాచుకొని, వాడంతా తిరిగి మత్తు సూదుల కథ చెప్పింది. నా బిడ్డ గుప్పిట విప్పి చూసిన ప్రతి పెద్దమ్మకూ తెలిసి తెలిసే అబద్ధం చెప్పింది.

నా చంకలోని మనస్వి ఆమెను చూసి నవ్వింది. అత్త అప్పుడు మా వైపు చూసింది. పెదవులు కదిలాయి. ఏదో అంటుందనుకున్నాను. ఆ ఒక్క మాట అని ఉంటే బహుశా అంతా మింగి ఊరుకునేదాన్ని, ఈ రాత కూడా ఉండేది కాదు. గేటు బయట కారు హారన్ కొట్టింది. మమత చేయి పట్టుకొని వెళ్లిపోయింది.

మమతకు అదే రోజు మందులు మొదలుపెట్టారు. పది పన్నెండు పొక్కులతో ఆగిపోయింది. మొన్న చలికాలం చివర్లో నెలలు నిండి కొడుకును కన్నది. పుడుతూనే వార్డంతా వినబడేలా ఏడ్చాడట. చల్లగా ఉండాలి వాడు, వాడి మీద నాకేం కోపం? ఇంటికి వచ్చి మా అత్త బోనం మొక్కు తీర్చింది. ఆ తెల్లారే నల్లా దగ్గర ఎవరో నా బిడ్డ సంగతి అడిగితే, "ఏం జేస్తమమ్మా, మత్తు సూదులు" అన్నది. నేను బిందె పట్టుకొని ఆమె వెనకే నిలబడి ఉన్నాను.

అందుకే ఇది రాశాను. మీ ఇంట్లో కడుపుతో ఉన్న మనిషికి ఒంటి మీద పొక్కు లేస్తే దండం పెట్టుకోండి, వేపాకు కట్టుకోండి, మొక్కుకోండి, నేనేమీ అనను. కానీ అదే పూట దవాఖానకు తీసుకుపోండి. మా అత్త కోడలికి చేసినట్టు చేయకండి. కూతురికి చేసినట్టు చేయండి.